రెండు ఆరులు

ఖోర్ ఫక్కాన్ రేవులో తెల్లారేసరికే
రెయిలింగు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది.
ముప్పై మైళ్ళ అవతల, ఎనిమిది వందల మీటర్ల అడుగున
ఎప్పుడూ మాఘమాసమే.

నా పని వించి దగ్గర.
తీగ వదలాలి, తీగ చుట్టాలి.
తీగ చివర నాలుగు దీపాలు, రెండు చేతులున్న యంత్రం.
కాగితాల్లో దానికేదో పొడుగాటి పేరుంది,
మేం పీత అంటాం.

చూసింది ఎవరికీ చెప్పనని
తొమ్మిది పేజీల మీద సంతకం పెట్టాను, చదవకుండా.
గోవావాడు ఎవరిస్టో చదివి నవ్వాడు:
"కలలో చూసినా కంపెనీదేనట, తాతారావ్."

మూడు వారాలు బురద చూశాం.
బురదలో ఒక టైరు, ఒక వాషింగ్ మిషను,
ఏ ట్యాంకరువాడో విసిరేసిన ప్లాస్టిక్ కుర్చీ,
ఎవరో వచ్చి కూర్చుంటారన్నట్టు నిటారుగా.

ఇరవై రెండో రోజు వెండి.
నాణేలు విడిగా లేవు.
పెట్టె కుళ్ళిపోయింది, పెట్టె ఆకారం మిగిలింది,
అడుగంటిన తాటిబెల్లంలా నల్లగా, గట్టిగా.
ఖల్ఫాన్ గారు శాటిలైట్ ఫోనులో ఎవరికో బరువు చెప్పారు,
రెండుసార్లు చెప్పారు, రెండోసారి మెల్లగా.
ఆ పూట అందరికీ చల్లటి లబన్, రెట్టింపు మాంసం.

సిగ్నే మేడమ్ తినలేదు.
ఆవిడకి వెండి అక్కర్లేదు, ఓడ ఊరు కావాలి.
గంట దొరకలేదు. పేరున్న పలక దొరకలేదు.

రాత్రి, షిఫ్టు దిగి,
కరక్ టీ పట్టుకుని తెరల గది గుమ్మంలో నిలబడ్డాను.
పీత బురద ఊదుతోంది.
పొగలోంచి వచ్చినట్టు టేకు వంకులు,
పడవ పక్కటెముకలు, ఒక్కొక్కటే.
ఒక్కోదాని మీదా ఒక్కో గాటు.

"పురుగు తొలిచింది" అన్నాడు ఎవరిస్టో.
"పువ్వు చెక్కారేమో" అంది మేడమ్.

నేను "నాలుగు" అన్నాను.
తెలుగులోనే అనేశాను. గదిలో ఎవరికీ అర్థం కాలేదు.
నాకే ఒక క్షణం పట్టింది.

బళ్ళో నాకు ఈ అంకెలు నేర్పలేదు.
తాళ్ళరేవులో మా నాన్న పడవల వడ్రంగి,
పొట్టు ఊడుస్తూ చెక్క మీద నేర్చుకున్నాను.
౪ అంటే మెలి, ౫ అంటే ఇంకో మెలి.
"పెన్సిలు గీత వానకి పోద్దిరా,
ఉలి గీత పడవతోనే పోద్ది" అనేవాడు.

పడవ పోయింది నాన్నా.
గీత ఇక్కడుంది.

నాలుగు. ఐదు. ఆరు.
మేడమ్ పెన్ను పట్టుకుని నా మొహమే చూస్తోంది.
"తర్వాత ఏడేనా?"
దీపం దగ్గరికి జరపమన్నాను.
కాదు. మళ్ళీ ఆరే.
దాని పక్కన ఎనిమిది, ఏమీ ఎరగనట్టు.

ఎవరో పిలిచుంటారు,
అప్పులవాడో, చద్ది తెచ్చిన పిల్లదో.
తల తిప్పి, తిరిగొచ్చి, ఉలి పెట్టి
మళ్ళీ ఆరు కొట్టేశాడు మహానుభావుడు.
మేస్త్రీ తిట్టాడో లేదో.
అన్ని తుఫాన్లూ దాటిన తప్పు
నా కళ్ళ ముందు తడితడిగా, నిన్న చేసినంత కొత్తగా.

"ఏ ఊరిది?" అంది మేడమ్.
"మా కోరంగి వైపు కావచ్చు" అన్నాను. అంతకు మించి నాకు తెలీదు.
ఆవిడ రాసుకుంది, రాసినదాని కింద రెండు గీతలు గీసింది.

మర్నాడు ఖల్ఫాన్ గారు అడిగారు, మర్యాదగానే:
"ఆ కర్ర ఎంత చేస్తుంది?"
ఎవరూ మాట్లాడలేదు.
వెండి నలభై ఒక్క ముద్దలు పైకొచ్చాయి.
వంకులు ఎక్కడివక్కడే.
తీగ చుట్టాను, ఎనిమిది వందల మీటర్లు,
గ్రీజు చేతి తొడుగుల్లోంచి చల్లదనం తగులుతూ.

ఒడ్డుకొచ్చి ఫోన్ చేశాను.
వెనక బాడిస చప్పుడు, నాన్న పనిలో ఉన్నాడు.
తొమ్మిది పేజీలు గుర్తొచ్చి
ఒక్కటే అడిగాను:
"నువ్వెప్పుడైనా వంకు మీద నంబరు తప్పు కొట్టావా?"

బాడిస ఆగింది.
చాలాసేపటికి,
"ఎవడు చెప్పాడ్రా నీకు?"